గంధకం పత్యం

మల్కాపురం, విశాఖపట్నం
9-2-1997

తమ్ముడు శంకరానికి,

నువ్వక్కడ బాగానే ఉండి ఉంటావు. ఇక్కడ క్షేమం అని రాయడం నాకిక చేతకాదు, ఆ మాట కోసం చూడకు.

మీ బావ పెద్దకర్మ నిన్నటితో అయింది. రాయవేలూరు నుంచి రిజర్వేషన్ దొరకలేదని రాశావు, నమ్మాను. అమ్మానాన్నా భీమిలి నుంచి వచ్చి ఉండి వెళ్ళారు. అమ్మ ఏడ్చింది, నేను ఏడవలేదు. నాకు ఏడుపు కంటే కోపం ముందొచ్చింది, అదింకా పోలేదు.

నీకు వరసగా చెప్పాలి. డిసెంబరులో రేవుకి గంధకం ఓడ వచ్చింది. కొండంత కుప్ప పోశారు. ఆ గ్యాంగుకి మేస్త్రీ అర్జునరావే. మీ బావకి సొంత పెదనాన్న కొడుకు, ఒక కంచంలో తిని పెరిగినవాడు. మొహానికి మాస్కులడిగితే తువ్వాళ్ళు కట్టుకోమన్నాడు. మీ బావ సాయంత్రం ఇంటికొస్తే పసుపు రాసిన గడపలా ఉండేవాడు. స్నానం చేసిన నీళ్ళూ, పడుకున్న దుప్పటీ అదే కంపు. మేస్త్రీ చేసిన మేలంటూ ఉంటే ఒకటే, ఒళ్ళునొప్పులన్నవాళ్ళకి తన డబ్బాలోంచి తెల్ల బిళ్ళలు ధారాళంగా పంచేవాడు. పొద్దున టీతో ఇచ్చేవాడు, ఓవర్‌టైముంటే మళ్ళీ ఇచ్చేవాడు.

ఇక్కడ గంధకం గ్యాంగుల ఇళ్ళల్లో ఒక పద్ధతుంది. ఓడ రేవులో ఉన్నంతకాలం మగవాళ్ళకి గుడ్డు, వెల్లుల్లి, ఉల్లిపాయ, చేప పెట్టం. వాటి వాసనా గంధకం వాసనా ఒకటే జాతి కదా, ఒంట్లో చేరినదానికి తోడు మనమే ఇంకాస్త పోసినట్టవుతుందని పత్యం. పేట మొత్తంలో ఆ పత్యం నా అంత నిష్ఠగా చేయించినవాళ్ళు లేరు. రెండు నెలలు మీ బావ గంజన్నం, చారుతో గడిపాడు. అయినా ఆగలేదు. కుడి డొక్క మీద చెయ్యేసుకుని "ఏటో బరువుగా ఉన్నాదే" అనేవాడు. తర్వాత కళ్ళు పచ్చబడ్డాయి. గంధకం కళ్ళకెక్కిందన్నారు అందరూ. ఆస్పత్రిలో వేసిన నాలుగోనాటికి మనిషి లేడు. లివరు పోయిందన్నారు.

పదకొండోనాడు మీ బావ తువ్వాలు దులిపి, ఆ పచ్చపొడి కొంగున కట్టుకుని వెళ్ళి అర్జునరావు గుమ్మంలో పోశాను. పేటంతా చూస్తుండగా "నీ ఇంటిల్లిపాదీ దీన్నే తినాల" అన్నాను. వాడి పెళ్ళాం భ్రమరాంబ తలుపేసుకుంది.

నువ్వు ఆస్పత్రిలో రక్తాలు పరీక్ష చేసేవాడివి. గంధకమే లివరుని తినేసిందని కాగితం రాసి, స్టాంపు వేయించి పంపు. లేబర్ ఆఫీసులో పెడతాను. నాకు పరిహారం వద్దు. వాడు నలుగురిలో తలదించుకోవాలి, అది చూడాలి.

నీ అక్క
దేముడమ్మ


రాయవేలూరు
26-2-1997

అక్కా,

నీ ఉత్తరం ల్యాబులోనే చదివాను. బావ నాకు సైకిల్ నేర్పినవాడు. రాలేకపోయినందుకు నన్ను నేను తిట్టుకుంటున్నాను, నువ్వు తిట్టకపోయినా.

నువ్వడిగిన కాగితం మాత్రం రాయలేను. అబద్ధం అవుతుంది, అవతలివాళ్ళు నిమిషంలో కొట్టేస్తారు. మా పెద్ద డాక్టరుగారిని అడిగాను, పుస్తకాలు తిరగేశాను. రేవులో ఉండే గంధకం కళ్ళు మండిస్తుంది, దగ్గు తెప్పిస్తుంది, చర్మం పగలగొడుతుంది. కానీ అది ఒంట్లోకి ఇంకేది చాలా తక్కువ. బావ కళ్ళ పచ్చదనం గంధకం రంగు కాదక్కా, కామెర్ల రంగు. రక్తంలో పాతబడిన ఎర్రకణాలు చితికితే ఒక పచ్చని పదార్థం తయారవుతుంది. రోజూ దాన్ని బయటికి పంపే పని కాలేయానిది. కాలేయం పడకేస్తే ఆ పచ్చదనం కళ్ళలో తేలుతుంది.

ఇంకో సంగతి వింటే నీకు వింతగా ఉంటుంది. కాలేయానికి గంధకం శత్రువు కాదు, ఆయుధం. మనం తిన్న మందులు, తాగిన సారా, ఒంట్లో పుట్టే చెడుగు, అన్నీ అక్కడికే చేరతాయి. కాలేయం వాటిలో చాలావాటికి గంధకం ముక్క ఒకటి తగిలిస్తుంది. అలా ముడిపడ్డ విషం నీళ్ళలో కరిగి ఒంటేలులోనో పైత్యంలోనో పోతుంది. ఆ గంధకం రేవు కుప్పలోంచి రాదు, తిండిలోంచి రావాలి. గుడ్డు, చేప, పప్పు, వెల్లుల్లి, మీరు పత్యం పేరుతో మాన్పించేవి సరిగ్గా అవే. అవి మానేస్తే కాలేయం ఉత్తచేతులతో కూర్చోవలసి వస్తుంది.

బావ ఆస్పత్రి కాగితాలుంటే పంపు. రక్త పరీక్షల్లో ఏముందో చూస్తాను. ఇక్కడ మెస్సులో రోజూ సాంబారే, మన చేపల పులుసు తలుచుకుంటే కళ్ళ నీళ్ళొస్తున్నాయి. నువ్వు వేళకి తిను.

ప్రేమతో
శంకర్


మల్కాపురం
15-3-1997

శంకరానికి,

చదువుకున్నవాడివి కదా, ఎంత నేర్పుగా రాశావు. గంధకం మంచిది, అర్జునరావు మంచివాడు, గుడ్డు పెట్టని దేముడమ్మే మొగుణ్ణి చంపుకుంది. అంతేగా నువ్వు చెప్పేది? పుండు మీద కారం చల్లడానికి అంత దూరం నుంచి స్టాంపు ఖర్చెందుకు?

ఇప్పుడు నాకు అన్నీ అర్థమవుతున్నాయి. మొన్న అమ్మ వచ్చి చెప్పింది. అర్జునరావు తన కూతురు నాగశ్రీని నీకిస్తానని నాన్న దగ్గరికి కబురంపాడట. వరసకి మేనమామవి, ఉద్యోగస్థుడివి. అల్లుడు కాబోయేవాడు మామ మీద కాగితం ఎందుకు రాస్తాడు? మీ బావ చితి చల్లారకముందే బేరం కుదిరిందన్నమాట.

ఆస్పత్రి కాగితాలడిగావు, ఇందులో పెట్టాను. నాకెందుకవి, నేను చదవలేను. నువ్వే చదువుకుని, చదివాక నీ మామకి పంపు, దాచుకుంటాడు.

పత్యం సంగతి పేటలో ఎవరికీ చెప్పలేదు. నిన్న పక్కింటి పోతమ్మ వెల్లుల్లి అప్పడిగితే డబ్బా మొత్తం దాని చేతిలో పెట్టేశాను. ఆ డబ్బా ఇంట్లో ఉంటే నాకు అన్నం దిగట్లేదు. నువ్వు చేసిన మేలు ఇది.

నాకు ఉత్తరాలు రాయకు.

దేముడమ్మ


రాయవేలూరు
2-4-1997

అక్కా,

రాయొద్దన్నావు, రాస్తున్నాను. చించేసే ముందు ఒక్కసారి చదువు.

నాగశ్రీ సంగతి నీ ఉత్తరం చూశాకే తెలిసింది. ఆ పిల్లని నేను లంగాజాకెట్టులో చూశాను, మావయ్యా అని వెనకాల తిరిగేది. నాన్నకి అప్పుడే రాశాను, ఆ మాట అక్కడితో ఆపమని. నిన్ను నేను నిందించలేదు. పేట మొత్తం చేసే పత్యం నువ్వూ చేశావు. దాన్ని నీ నెత్తినేసుకోకు.

ఇప్పుడు కాగితాల సంగతి. కాలేయం దెబ్బతింటే రక్తంలో పెరిగే లెక్కలు కొన్ని ఉంటాయి. బావవి వందల్లో కాదు, వేలల్లో ఉన్నాయి. సూక్ష్మజీవుల వల్ల వచ్చే కామెర్ల పరీక్షలు లేవనే చెప్పాయి. బావ అప్పుడప్పుడు తాగే సారా ఒక్కదానితో అంత పెరగవు. మా డాక్టరుగారు కాగితం చూసి అడిగిన మొదటి మాట, "ఈయన ఏం బిళ్ళలు మింగాడు?"

నీ మొదటి ఉత్తరం మళ్ళీ తీశాను. తెల్ల బిళ్ళలు, ధారాళంగా అన్నావు. అవి జ్వరానికీ నొప్పులకీ వాడే పారాసిటమాల్ అయి ఉండాలి. లెక్కగా వాడితే మంచి మందే. దాన్ని కాలేయం గంధకం తగిలించి, చక్కెర తగిలించి బయటికి పంపుతుంది. కొంచెం భాగం మాత్రం దారి తప్పి గాటైన విషంగా మారుతుంది. ఆ విషాన్ని పట్టుకోవడానికి కాలేయం గంధకంతోనే చేసుకున్న సరుకొకటి నిల్వ ఉంచుకుంటుంది. బిళ్ళలు గుప్పెళ్ళకొద్దీ, రోజుల తరబడి, సగం కడుపుతో, పైన సారాతో పడితే ఆ నిల్వ అయిపోతుంది. తర్వాత ఆ విషం కాలేయాన్నే కాలుస్తుంది.

ఇందులో మోసం ఏమిటంటే, ఒకేసారి ఎక్కువ మింగినవాళ్ళు మొదటిరోజు వాంతి చేసుకుని మామూలుగా తిరుగుతారు. తగ్గిందనుకుంటారు. డొక్కలో బరువు, పచ్చదనం తర్వాత వస్తాయి. త్వరగా పట్టుకుంటే విరుగుడుంది, ఎసిటైల్ సిస్టీన్ అని. అదీ గంధకం ఉన్న మందే, కుళ్ళిన గుడ్డు వాసన. కాలేయానికి అయిపోయిన సరుకుని మళ్ళీ అందిస్తుంది. మొదటి పూటల్లో ఇస్తే దాదాపు అందరూ బతుకుతారు.

బావకి ఇదే జరిగిందని ప్రమాణం చేయలేను. జరిగి ఉండాలని మాత్రం గట్టిగా అనుకుంటున్నాను. ఎవరికి ఏం చెప్పాలో నువ్వు చూసుకో.

నీ తమ్ముడే,
శంకర్


మల్కాపురం
20-8-1997

తమ్ముడూ,

నీ ఉత్తరం చించలేదు. చదివీ చదివీ మడతల దగ్గర అదే చిరిగింది. నిన్నన్న మాటలు నేను వెనక్కి తీసుకోలేను, నువ్వు మర్చిపో.

బిళ్ళలన్న మాట చదివిన రోజు నాకు నిద్రపట్టిందంటే నమ్ము. ఇన్నాళ్ళూ నేను ఓడని తిట్టాను, కుప్పని తిట్టాను. వాటికి ముక్కూ మొహం ఉండవు. ఇప్పుడు నాకొక చెయ్యి కనిపిస్తోంది, డబ్బాలోంచి తీసి అరచేతిలో పోసిన చెయ్యి. మనిషి మంచాన పడితే గ్యాంగులో ఒకడు తగ్గుతాడు, ఓడ ఆలస్యమవుతుంది, కంపెనీవాళ్ళు మేస్త్రీని మారుస్తారు. అందుకే ఆ దానం. నేను దాన్ని మేలు అని నీకు రాశాను చూడు, అదే నన్ను కాలుస్తోంది.

లేబర్ ఆఫీసులో అర్జీ పెట్టాను. ఆఫీసరు మంచివాడే, విన్నాడు. బిళ్ళలు మేస్త్రీ ఇచ్చాడని సాక్ష్యం చెప్పేవాళ్ళు కావాలన్నాడు. గ్యాంగులో ఇల్లిల్లూ తిరిగాను. ఒకడికి చెవుడొచ్చింది, ఇంకొకడికి మతిమరుపొచ్చింది. ఎవరి కూడు వాళ్ళకి భయం. అర్జునరావు ఆఫీసరు ముందే నవ్వుతూ, "నానేటి డాక్టర్నా బాబూ? నా డబ్బా ఏటి, బిళ్ళలేటి? మొగుడు పోయి దీనికి మతి సెడింది. మొన్న గంధకం అన్నాది, నేడు బిళ్ళలంటన్నాది. రేపు మిమ్మల్నంటాది" అన్నాడు. అందరూ నవ్వారు. ఆఫీసరు నవ్వలేదు గాని కాగితం పక్కన పెట్టేశాడు.

శంకరం, నేను కోల్పోయింది వాడూ కోల్పోవాలి. దేవుడికి దండం పెట్టేటప్పుడు నేను అడిగేది ఇదొక్కటే. అమ్మకి చెప్పకు.

అక్క


మల్కాపురం
6-5-1998

తమ్ముడూ,

దేవుడు విన్నాడు.

నాగశ్రీ ఇంటర్ తప్పింది. నిన్న మధ్యాహ్నం అర్జునరావు నడివీధిలో దాని మీదికి చెప్పెత్తాడు. సాయంత్రానికి ఆ పిల్ల తెల్ల బిళ్ళలు మింగేసింది. ఎన్నో దానికే తెలీదట. ఉప్పునీళ్ళు తాగించి కక్కించారు, పేటలో ఉన్న కాంపౌండరు చూసి గండం గడిచిందన్నాడు. పొద్దున పోతమ్మ వెళ్ళి చూసొచ్చింది. పిల్ల ఇడ్లీ తిని అరుగు మీద కూర్చుందట, భ్రమరాంబ దిష్టి తీసిందట.

వాళ్ళకి తెలీదు. నాకు తెలుసు. మొదటిరోజు మామూలుగా తిరుగుతారని నువ్వు రాసిన వాక్యం నాకు కంఠతా వచ్చు. ఈ పేటలో ఆ సంగతి తెలిసినదాన్ని నేనొక్కదాన్నే.

పోతమ్మ చెబుతుంటే నా ఒళ్ళు చల్లగా అయింది, ఎండలో చెంబుడు మజ్జిగ తాగినట్టు. నేనెవరికీ ఏమీ పెట్టలేదు, ఎవరి చేతిలోనూ ఏమీ పోయలేదు. ఊరికే కూర్చుంటే చాలు. వాడు మా ఆయన్ని అలాగేగా చంపాడు, ఏమీ ఎరగనట్టు.

నువ్వేమంటావో నాకు తెలుసు. అనకు. ఈ ఉత్తరం పోస్టు డబ్బాలో వేసి వచ్చి అన్నం వండుకుంటాను.

దేముడమ్మ


రాయవేలూరు
11-5-1998

అక్కా,

నీ ఉత్తరం ఇప్పుడే అందింది. అయిదు రోజులు దారిలో ఉంది.

మీ పేటలో నాకు తెలిసిన ఫోను నంబరు అర్జునరావు ఇంటిదొక్కటే. ఎస్టీడీ బూత్‌కి వెళ్ళి సగం నంబరు నొక్కి పెట్టేశాను. ఏమని అడగను? పిల్ల ఉందా అని అడగనా? మా అక్కకి ముందే తెలుసని చెప్పనా?

ఆ ముక్కలన్నీ నీకు రాసింది నేను. కాలేయం ఎలా పనిచేస్తుందో చెప్పాను, ఏ పూట దాకా ప్రాణం చేతిలో ఉంటుందో చెప్పాను. అది చేతిలో పెట్టుకుని నువ్వు అన్నం వండుకుంటానని రాశావు. అర్జునరావుకి తాను పంచేదేమిటో తెలీదని అనుకోవచ్చు. నీకు తెలుసు.

నీ జవాబు వచ్చేదాకా నిన్ను ఏమని పిలవాలో నాకు తోచట్లేదు.

ఉమాశంకర్


మల్కాపురం
20-6-1998

శంకరం,

నెల దాటాక జవాబు రాస్తున్నాను. నీ ఉత్తరం నాకు తగిలింది. తగలాలనే రాశావు. కాని నువ్వు నన్ను సగమే చదివావు.

ఆరోజు ఉత్తరం వేయడానికి వాళ్ళింటి ముందు నుంచే వెళ్ళాను, చూడాలనే. చూసి సంతోషపడాలనే. ఉత్తరం వేసి వెనక్కొస్తుంటే పిల్ల అరుగు మీద ఒక్కతే ఉంది. కుడి డొక్క కింద చెయ్యి పెట్టి నొక్కుకుంటోంది. మీ బావ సరిగ్గా అలాగే నొక్కుకునేవాడు. అప్పుడు నాకది ఏమిటో తెలీదు. పక్కన కూర్చుని వీపు రాసేదాన్ని.

జాలిపడ్డానని అనుకోకు. నాకు తెలిసి కూడా అది మళ్ళీ చూస్తూ కూర్చోవడం నావల్ల కాలేదు, అంతే. లోపలికి వెళ్ళాను.

భ్రమరాంబ చీపురందుకుంది. "మళ్ళా ఏటి పోయడానికొచ్చినావ్?" అంది. పిల్లని పెద్దాస్పత్రికి తీసుకెళ్ళమన్నాను. బాగున్న పిల్లకి ఆస్పత్రేంటని అరిచింది. నేను దానితో మాట్లాడటం మానేసి పిల్లనడిగాను, "బిళ్ళలెక్కడివే?" అని. "నాన్న డబ్బాలోవి పిన్నీ" అంది. అర్జునరావు లోపల్నించి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. వాడి మొహంలోకి చూసి, మీ బావని పేరు పెట్టి, "దొరబాబు మింగినవే. దొరబాబుకి ఎన్నాళ్ళకి పచ్చబడినాదో నీకు గుర్తున్నాదా బావా?" అన్నాను. వాడు ఆటో పిలవడానికి పరిగెత్తాడు. తెలీనివాడు అలా పరిగెత్తడు శంకరం. ఆ పరుగు చూడటానికే నేను ఏడాదికి పైగా బతికాను.

ఆస్పత్రిలో డాక్టరమ్మకి నువ్వు రాసిన మందు పేరు చెప్పబోతే, ఆవిడ అప్పటికే చీటీ మీద అదే రాస్తోంది. మందు తెచ్చి నిమ్మరసంలో కలిపారు. గ్లాసులోంచి ఒకటే గంధకం కంపు. భ్రమరాంబ గుండెలు బాదుకుంది. "ఇది దీన్నే తినాలని నా గుమ్మంలో శాపం పెట్టినాది, డాక్టరమ్మ సేత తాగిత్తన్నాది. నా గుంటని, కన్నకూతుర్ని సంపేత్తన్నాది" అని గ్లాసుకి అడ్డం పడింది. పిల్ల నోరు మూసుకుంది. డాక్టరమ్మ కసిరితే ఎవరు వింటారు, పేటంతా విన్న శాపం అది. నేను గ్లాసు లాక్కుని అందరి ముందూ ఒక గుక్క తాగాను. రెండు నెలలు మీ బావ దుప్పట్లో పీల్చిన వాసన నా గొంతులోంచి దిగింది. "ఇప్పుడు తాగే" అన్నాను. తాగింది.

మూడు రోజులు కళ్ళలో పచ్చజీర వచ్చి పోయింది. బతికింది. డాక్టరమ్మ ఎక్కడివీ బిళ్ళలని అడిగితే అర్జునరావే చెప్పాడు, నా డబ్బాలోవి, గ్యాంగుకిచ్చేవి అని. ఆవిడ అలాగే కేసు కాగితం మీద రాసుకుంది. ఆ సంగతి చెప్తే లేబర్ ఆఫీసరు నా అర్జీ మళ్ళీ బయటికి తీశాడు.

ఇంటికొచ్చాక వాడు నా దగ్గరికొచ్చాడు. "నా గుంట పేణం నిలబెట్టినావు. నీకు దండమెడతాను దేముడమ్మా. ఆ అర్జీ ఒగ్గీ, ఎనక్కి తీసుకో" అన్నాడు. నేను పీట కూడా వేయలేదు. "నీ కూతురికి విరుగుడు దొరికినాది బావా, నా మొగుడికి నీ బిళ్ళలే దొరికినాయి. ఎల్లు" అన్నాను.

మర్నాడు నాగశ్రీ ఒక్కతే వచ్చింది. నీరసంగానే ఉంది. గుమ్మం పట్టుకుని, "పిన్నీ, డాక్టరమ్మ కంటే ముందు నీకెలా తెలిసినాది?" అంది. నేను చెప్పక్కర్లేదు. పదిహేడేళ్ళ పిల్ల, ఇప్పుడే చావు తప్పించుకున్నది. ఏదో ఒకటి చెప్పి పంపేయొచ్చు. శంకరం, నేను అంతా చెప్పాను. ఓడ, పత్యం, టీతో పాటు ఇచ్చిన బిళ్ళలు, వాళ్ళ నాన్న ఆఫీసరు ముందు నవ్విన నవ్వు, ఒక్కటీ వదల్లేదు. నువ్వు నాకు చెప్పినంత విడమరిచి, లివరు ఎలా కాలిపోతుందో కూడా చెప్పాను. వెళ్ళేటప్పుడు, "ఆఫీసరు మళ్ళీ ఎప్పుడు పిలుత్తాడు?" అనడిగింది. జూన్ ఇరవై రెండు, సోమవారం అన్నాను.

"నానొత్తాను" అంది.

నేను రమ్మనలేదు. వద్దని కూడా అనలేదు. ఆ సోమవారం ఎల్లుండే. డబ్బా సంగతి ఆఫీసరుకి ఆ పిల్లే చెబుతుంది.

నన్ను ఏమని పిలవాలో తోచట్లేదని రాశావు. నీ ఇష్టం. వాడి పిల్ల చచ్చిపోతే వాడు ఏడ్చేవాడు, పేట వాడితో పాటు ఏడ్చేది, ఏడాదికి మరిచిపోయేవాడు. నేను వాడికి కూతుర్ని మిగిల్చాను. అంతా తెలిసిన కూతురు రోజూ రెండు పూటలా కంచం ముందు ఎదురుగా కూర్చుంటుంది. వాడు తలెత్తి అన్నం తినాలి.

దేముడమ్మ